టిక్కూ ఇంటూ లేని మాట

మా నాన్నకి మాట పడిపోయిన ఏడాది నేను ఏలూరు పవర్‌పేటలో, బట్టల కొట్టు మేడ మీద ఉన్న ఒక ఆఫీసులో ఎక్స్ఎమ్ఎల్ అనే రకం కంప్యూటరు ఫైళ్ళ పని చేసేదాన్ని. ఏం ఉద్యోగమని చుట్టాలు అడిగితే "కంప్యూటరు" అనేదాన్ని. ఆ ఒక్క మాటతో వాళ్ళకి కడుపు నిండిపోయేది. నాన్న మాత్రం అంత తేలిగ్గా వదిలేవారు కాదు. "కంప్యూటరు సరేనమ్మా, దాంతో ఏం చేస్తావు?" అని కంచం ముందు కూర్చుని మరీ అడిగేవారు.

నాన్న బస్సు కండక్టరు. ఉద్యోగమంతా ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య ఆర్డినరీ బస్సులోనే గడిచింది. రిటైరయ్యాక కూడా ఆయన వేళ్ళకి టిక్కెట్టు పంచ్ అలవాటు పోలేదు. పేపరు చదువుతున్నా, టీవీ చూస్తున్నా బొటనవేలూ చూపుడువేలూ ఏదో నొక్కుతున్నట్టు కదులుతూనే ఉండేవి. అందుకని నా ఉద్యోగం గురించి ఆయనకి ఆయన బస్సులోంచే చెప్పాను.

"మీ టిక్కెట్లన్నీ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కదా నాన్నా. ఎవరు ఎక్కడ ఎక్కారో పంచ్ చూస్తే తెలుస్తుంది. మా ఫైల్లోనూ అంతే. విదేశాల డాక్టర్లు రాసిన వ్యాసాలు వస్తాయి. ఒక్కో వ్యాసం ఒక్కో టిక్కెట్టనుకోండి. దాని మీద ఒక గుర్తుంటుంది, దాన్ని యాట్రిబ్యూట్ అంటాం. నేను స్టైల్‌షీట్ అని ఒకటి రాస్తాను. అది ఆ ఫైలులోకి ఎక్కి, ఫలానా గుర్తున్న వాళ్ళంతా ఇటు రండి, మిగతావాళ్ళు అటుండండి అంటుంది."

నాన్న అన్నం కలిపి ముద్ద చేశారు.

"అయితే నువ్వు చెకింగ్ ఇన్‌స్పెక్టరువన్నమాట," అన్నారు. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది నాకు. చివరికి ఒకదాన్ని ఇంట్లోనే పెంచానా?"

అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మా ముగ్గురి నవ్వూ కలిసి వినబడిన భోజనాలు తరవాత ఎక్కువ లేవు. అందుకే ఆ పూట ఏ కూర వండిందో కూడా నాకు గుర్తుంది, దోసకాయ పప్పు.

అమ్మది కొల్లేరు ఒడ్డున ఒక లంక గ్రామం. పుట్టింటికి వెళ్ళాలంటే భీమడోలులో బస్సు దిగి ఆటో ఎక్కాలి. నా చిన్నప్పుడు ఆటో దిగాక పడవ కూడా ఎక్కేవాళ్ళం. ఏలూరు తిరిగి వచ్చేటప్పుడు అమ్మ భీమడోలులో ఎప్పుడూ నాన్న డ్యూటీలో ఉన్న బస్సే చూసుకుని ఎక్కేది. అంతకు ముందు రెండు బస్సులు ఖాళీగా వెళ్ళిపోయినా సరే, ఎండలో నిలబడేది. ఒక చేతిలో నేను, ఇంకో చేతిలో తడిగుడ్డ కప్పిన చేపల బుట్ట. గుడ్డ కింద కొర్రమీనులు ఇంకా కదులుతూ ఉండేవి.

నాన్న మమ్మల్ని చూసీ చూడనట్టుండేవారు. ఖాకీ బట్టల్లో ఉండి పెళ్ళాం పిల్లలతో కబుర్లు చెబితే జనం ఏమనుకుంటారోనని ఆయనకి బెంగ. వెనక మెట్టు మీద నిలబడి బస్సు మొత్తానికి వినబడేలా "అందరూ ఎక్కారా?" అని కేకేసేవారు. ముందు ఆడవాళ్ళ సీట్లలోంచి అమ్మ "ఎక్కానండీ" అనేది. పెద్దగా కూడా అనేది కాదు. ఆ మాట వినబడేదాకా బస్సు కదిలేది కాదు. వినబడ్డాక ఆయన "రైట్, రైట్" అనేవారు, డ్రైవరు గేరు వేసేవాడు. బస్సులో మిగతావాళ్ళకి ఇదేమీ పట్టేది కాదు. నాకు మాత్రం ఆ బస్సు మా అమ్మ కోసమే నడుస్తోందని గర్వంగా ఉండేది.

అమ్మని పేరు పెట్టి పిలవడం నాన్నకి అలవాటు లేదు. ఇంట్లో ఏం కావాలన్నా నా ద్వారానే. "అమ్మాయ్, మీ అమ్మని మంచినీళ్ళిమ్మను" అనేవారు, అమ్మ ఆయన పక్కనే నిలబడి ఉన్నా సరే. నేను బడికి వెళ్ళినప్పుడు "ఇదిగో" అనేవారట. పేరంటూ పలికింది ఒక్కసారే. పెళ్ళయి గృహప్రవేశం చేసేటప్పుడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వరు కదా, అప్పుడు చెప్పారు.

"సిగ్గుపడుతూ చెబుతారేమో అనుకున్నానే," అని అమ్మ ఆ సంగతి వచ్చినప్పుడల్లా చెప్పేది. "స్టాపు పేరు అరిచినట్టు అరిచారు. వీధి చివరిదాకా వినబడింది."

ఆ చెప్పడంలో విసుగేమీ ఉండేది కాదు. మురిపెమే.

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అది. మా మేనమామల చెరువు కూడా పోయింది. అమ్మ ఆ దిగులులో ఉండగానే, తొలకరి రోజుల్లో ఒక ఉదయం నాన్న పళ్ళు తోముకుంటూ పెరట్లో కుళాయి దగ్గర కూలబడిపోయారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది, గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేవారు. మాట మాత్రం రాలేదు.

మనం చెప్పేవన్నీ అర్థమయ్యేవి. అక్షరాలు కూడా గుర్తుపట్టేవారు. ఏదో చెప్పబోయి నోరు తెరిచేవారు. మాట లోపల ఉందని మాకు తెలుస్తూనే ఉండేది, కానీ బయటికి వేరే ఏదో చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు విని ఆయనే సిగ్గుపడి మొహం గోడవైపు తిప్పుకునేవారు. గొంతు చించుకుని బతికిన మనిషి అలా గోడకి తిరిగి పడుకుంటే చూడలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

విచిత్రమేమిటంటే స్టాపులు వచ్చేవి. అమ్మ "ఏలూరు" అని అందిస్తే చాలు, "దెందులూరు, గుండుగొలను, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, ఉంగుటూరు, బాదంపూడి, గూడెం" అని పాత గొంతుతో గడగడా చెప్పేసేవారు. చివర "రైట్ రైట్" కూడా వచ్చేది. మంచినీళ్ళు కావాలని మాత్రం చెప్పలేరు. ఆసుపత్రికి వారానికోసారి మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ వచ్చేవారు. వరసగా నోటికి అలవాటైనవి అలాగే నిలుస్తాయనీ, విడిగా ఒక మాట వెతికి తెచ్చుకోవడమే కష్టమనీ ఆవిడ చెప్పారు.

ఏదైనా కావాలంటే నాన్న ఎడమచేత్తో స్టీలు గ్లాసు తీసి మంచం కోడు మీద కొట్టేవారు. ఆ చప్పుడంటే అమ్మకి ప్రాణసంకటం. పరుగెత్తుకు వచ్చేది, కావలసింది ఇచ్చేది, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

"అన్ని మాటలూ రాకపోతే పోయిందే," అంది ఒకరోజు నాతో. "నన్ను ఒక్కసారి పిలిస్తే చాలు. ఎలా పిలిచినా సరే. గ్లాసు చప్పుడుకి వెళ్ళాలంటే నేనెవరో నాకే తెలియకుండా పోతోంది."

అంతకు మించి అమ్మ ఏమీ కోరుకోలేదు. నేనూ ఆ రోజు నుంచి అదే కోరుకున్నాను.

మేడమ్ ఒక పద్ధతి చెప్పారు. ఇంట్లో వాడే మాటలు పెద్ద అక్షరాలతో కాగితం మీద ఉండాలి. ఏ మాట వస్తోందో, ఏది రావడం లేదో ఇంట్లోవాళ్ళు గుర్తు పెట్టాలి. వచ్చినవన్నీ ఒక కాగితం, రానివి ఇంకో కాగితం. వచ్చినవి రోజూ ఒకసారి చెప్పిస్తే ధైర్యం వస్తుంది. రానివి మెల్లగా సాధన చేయించాలి.

"కాగితంలో లేని మాటలు అడిగి ఆయన్ని విసిగించకండమ్మా," అన్నారావిడ అమ్మతో. "ఎంతకీ రానివి ఉంటే కొన్నాళ్ళకి తీసేద్దాం."

నాకు ఆ మాటలు వింటుంటేనే వేళ్ళు దురద పెట్టాయి. గుర్తును బట్టి ఇటూ అటూ వేరు చెయ్యడం, అదే కదా నేను పొద్దస్తమానం చేసేది! మర్నాడే ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ నాన్న కోసం ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైలు మొదలుపెట్టాను. ఒక్కో మాటా ఒక ఎలిమెంటు, అంటే నాన్నకి చెప్పిన టిక్కెట్టు లాంటిది. దానికి 'పలుకు' అని ఒక యాట్రిబ్యూట్. అందులో 'వచ్చింది' అని గానీ 'రాలేదు' అని గానీ ఉంటుంది. ఇంట్లో మనుషులతో మొదలుపెట్టమని మేడమ్ చెప్పారు కాబట్టి మొట్టమొదట అమ్మ పేరు టైపు చేశాను. తరవాత 'అమ్మాయ్', ఆ తరవాత నీళ్ళు, కాఫీ, అన్నం, ఫ్యాను, దుప్పటి, వద్దు, చాలు.

మొదటిసారి గుర్తులేమీ లేవు కాబట్టి అన్ని మాటలూ ఒకే కాగితంగా ఆఫీసు ప్రింటరు మీద తీశాను. గౌతమి ఫాంటు, చంటిపిల్లల వాచకంలో ఉన్నంత అక్షరాలు. అమ్మ నాన్న పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కో మాటా వేలితో చూపించి చెప్పించేది. వచ్చినదాని పక్కన పెన్సిలుతో టిక్కు, రానిదాని పక్కన ఇంటూ. అమ్మ ఆ ఇంటూలు మాత్రం చాలా బాధగా పెట్టేది, చిన్న చిన్నవి, నాన్నకి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. మర్నాడు నేను ఆ గుర్తులన్నీ ఫైల్లోకి ఎక్కించాను. టిక్కు ఉన్నచోట 'వచ్చింది', ఇంటూ ఉన్నచోట 'రాలేదు'.

ఆ తరవాత నుంచి స్టైల్‌షీటు రెండు కాగితాలు ఇచ్చేది. మొదటి దానికి నేను రాసిన షరతు, పలుకు 'వచ్చింది' అయినవి. రెండోదానికి, పలుకు 'వచ్చింది' కానివి. మా ఆఫీసులో అందరం రోజూ వాడే షరతులే అవి. అమ్మ రోజూ గుర్తులు మార్చేది, నేను రెండు మూడు రోజులకోసారి కొత్త కాగితాలు తెచ్చేదాన్ని. మా ఇంట్లో పాలప్యాకెట్టు లాగా అవీ ఒక వాడుక అయిపోయాయి.

మొదట వచ్చిన మాట 'వద్దు'. అది వచ్చాక నాన్న అన్నిటికీ వద్దనేవారు, మాత్రలు కూడా. "ఇంతకాలం నేను వద్దంటే విన్నారా? ఇప్పుడు అదే నేర్చుకున్నారు," అని అమ్మ ఆయన్ని ఆటపట్టించింది. తరవాత 'కాఫీ' వచ్చింది. వర్షాలు తగ్గి దసరా దగ్గరపడ్డాక 'అమ్మాయ్' వచ్చింది.

ఆ రోజు నేను ఎగిరి గంతేశాను. నాన్న కూడా మళ్ళీ మళ్ళీ పిలిచారు. కానీ ఆయన "అమ్మాయ్" అని ఆగిపోయేవారు. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట వెనకాల 'మీ అమ్మని' అని వచ్చేది కదా. ఇప్పుడు "అమ్మాయ్" అని, అమ్మవైపు చూసి, పెదవులు కదిపి, ఊరుకునేవారు. అమ్మ ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేది. మొదటి కాగితంలో నా పిలుపు మొదటి వరసకి వచ్చింది. రెండో కాగితం 'నీళ్ళు'తో మొదలయ్యేది.

ఆ రోజుల్లోనే అమ్మ మాట తగ్గించేసింది. పని ఏదీ మానలేదు. నాన్నకి ఒళ్ళు తుడవడం, తినిపించడం, మాటలు చెప్పించడం అన్నీ మామూలే. కానీ ఆయన పక్కన కూర్చుని ఊరికే కబుర్లు చెప్పడం మానేసింది. పుట్టింటి చెరువు పోయిన దిగులనుకున్నాను. మేనమామలు వచ్చినప్పుడు కూడా అమ్మ పలచగా నవ్వి ఊరుకుంది. ఒకసారి నేను గట్టిగా అడిగితే, "ఏం లేదే, ఒంట్లో ఓపిక లేదు" అంది. ఓపిక లేని మనిషి అంత చాకిరీ ఎలా చేస్తోందని అడగాలనిపించింది.

చలి మొదలైన రోజుల్లో మా ఆఫీసుకి ఒక జర్నల్ తిరిగొచ్చింది. రచయితలు వెనక్కి తీసుకున్న వ్యాసాలు తప్ప మిగతావన్నీ ఇమ్మని వాళ్ళు అడిగితే మేము సగం కూడా ఇవ్వలేదట. ఇంచార్జిగారు భీమవరం మనిషి, అరవడం చేతకాని పెద్దమనిషి. అందరినీ బోర్డు దగ్గరికి పిలిచారు.

"చూడండమ్మా, 'రద్దు' కానివి ఇమ్మన్నాం మనం. అలా అడిగితే ఇది ముందు గుర్తు కోసం చూస్తుందండి. గుర్తుంటేనే, అది రద్దా ఇంకోటా అని పోల్చుకుంటుంది. గుర్తే పెట్టలేదనుకోండి, పోల్చుకోడానికి ఏమీ లేదు కదా, దాన్ని వదిలేస్తుంది. అందుకని తిరగేసి అడగాలి. 'రద్దు' అయినవాటిని పక్కన పెట్టి, మిగతావన్నీ ఇమ్మనాలి. అప్పుడు గుర్తు లేనివి కూడా వచ్చేస్తాయండి."

నేను బోర్డు వైపు చూస్తున్నాను కానీ నాకు బస్సు కనబడుతోంది. జనం కిక్కిరిసిన బస్సులో ఎవరో పంచ్ కొట్టని టిక్కెట్టు పట్టుకుని నిలబడ్డారు. ఆ స్టాపులో ఎక్కినవాళ్ళలోనూ లేరు, ఎక్కనివాళ్ళలోనూ లేరు. నాన్న ఫైలు గుర్తొచ్చింది. అందులో మొదటి మాట ఏ కాగితంలోనూ కనబడి చాలా రోజులైందని అప్పుడు తట్టింది.

భోజనం డబ్బా తెరవలేదు. ఫైలు తెరిచాను. అమ్మ పేరు ఉన్న ఎలిమెంటుకి పలుకు అన్న యాట్రిబ్యూటే లేదు. రెండో కాగితం షరతు తిరగేసి రాశాను. పలుకు 'వచ్చింది' అయినవాటిని పక్కన పెట్టి మిగతావన్నీ. ప్రింటరు కాగితం లోపలికి లాక్కుని, నెమ్మదిగా బయటికి వదిలింది. అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, మా అమ్మ పేరు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ వసారాలో కూర్చుని గోంగూర గిల్లుతోంది. నేను కాగితం అందించాను. అమ్మ చెయ్యి తుడుచుకుని తీసుకుంది, చూసింది, చూస్తూనే ఉండిపోయింది.

"మళ్ళీ పెట్టారా?" అంది.

"ఎవరు?"

"మేడమ్‌గారు."

నాకు అర్థం కాలేదు. "ఆవిడ తీసిందెప్పుడమ్మా?"

"ఎంతకీ రానివి తీసేద్దామన్నారు కదా. మొదటి కాగితంలో నా పేరుంది. తరవాత నువ్వు తెచ్చినవాటిలో వచ్చినవాటిలోనూ లేదు, రానివాటిలోనూ లేదు. ఇంక నా పేరు ఆయనకి రాదని మీ కంప్యూటరులో తేలిపోయిందనుకున్నాను. కాగితంలో లేనిది అడగొద్దన్నారని అడగలేదు."

"ఇన్నాళ్ళూ అలా అనుకుంటూ కూర్చున్నావా? నన్నొక మాట అడగకూడదూ?" అని అరిచాను. నా కోపం నాకెప్పుడూ వేళకాని వేళే వస్తుంది.

అమ్మ గోంగూర ఆకుని చేతిలో నలుపుతూ, "అడిగితే నువ్వు అవునంటావేమోనని," అంది.

నేను అమ్మ పక్కన నేల మీద కూర్చుండిపోయాను. కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. అమ్మ నన్ను ఓదార్చలేదు. కాగితమే చూస్తోంది.

"అంటే రానిదని కాదా మరి?"

"కాదమ్మా. నువ్వు దాని పక్కన టిక్కూ పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు. ఏ గుర్తూ లేదు కాబట్టి ఇటూ రాలేదు, అటూ రాలేదు. అంతే. అసలు ఎందుకు పెట్టలేదు?"

అమ్మ తల దించుకుంది. ఆ వయసులో మా అమ్మ సిగ్గుపడటం నేను చూశాను.

"నా పేరు నేనే అడిగి చెప్పించుకోనా? ఏమనుకుంటారాయన? తరవాత ఎప్పుడైనా నువ్వు అడుగుతావులే అని వదిలేశాను."

మర్నాడు ఆదివారం. కాఫీలయ్యాక అమ్మ మామూలుగా పీట వేసుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వచ్చిన మాటలన్నీ అయ్యాయి. రెండో కాగితం తీసి, అమ్మ పైవరస మీద వేలు పెట్టింది. నాన్న చూశారు. చదివారు. అది చదివినట్టు ఆయన మొహంలోనే తెలిసిపోయింది. నోరు తెరిచారు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఏదో గాలి వచ్చింది, అంతే. మళ్ళీ ప్రయత్నించారు. ఇంకోసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు తీసి విసిరికొడతారేమోనని భయపడ్డాను.

"పోనీలెండి," అంది అమ్మ, ఆయన చెయ్యి నిమురుతూ. "పోనీలెండి. మీ బస్సు నడపండి."

నాన్న అలసిపోతే అమ్మ ఎప్పుడూ స్టాపులు చెప్పించేది. అవి ఎలాగూ వస్తాయి కాబట్టి ఆయనకి మనసు కుదుటపడేది. రోజూ అమ్మే "ఏలూరు" అని అందించేది. ఆ రోజు ఆమె నోరు తెరిచేలోపు నాన్నే మొదలుపెట్టారు, అవతలి చివర నుంచి.

"గూడెం. బాదంపూడి. ఉంగుటూరు. చేబ్రోలు. కైకరం. పూళ్ళ. భీమడోలు."

ఆగారు.

మర్చిపోయారనుకుని నేను "గుండుగొలను" అని అందించాను. నాన్న చిరాగ్గా తల అడ్డంగా ఊపి, "వద్దు," అన్నారు. ఎడమచెయ్యి చాపి, కాగితం మీద పైవరసన ఉన్న పేరు మీద వేలు ఆనించారు. అమ్మ వైపు చూశారు. చూస్తూ ఉన్నారు. వెనక మెట్టు మీద నిలబడి ముందు సీట్ల వైపు చూసేవారే, అదే చూపు.

నాకంటే ముందు అమ్మకి అర్థమైంది. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత తీసేసి, ఎప్పటిలాగే, అంత మెల్లిగానే, "ఎక్కానండీ," అంది.

"రైట్," అన్నారు నాన్న. "రైట్, రైట్. గుండుగొలను. దెందులూరు. ఏలూరు."

గుమ్మం పట్టుకుని నిలబడ్డదాన్ని అలాగే ఉండిపోయాను. మా అమ్మని మా నాన్న పిలిచారు. ఆ పిలుపులో మాట లేదు, కానీ అమ్మ పలికింది కదా.

ఆ సాయంత్రం గుర్తులు ఎక్కించడానికి కాగితం అడిగాను. అమ్మ పేరు పక్కన ఖాళీగానే ఉంది. "ఏం పెట్టమంటావు?" అన్నాను.

అమ్మ పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. టిక్కు పెడితే అబద్ధం. ఇంటూ పెట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

"ఏదీ పెట్టకు. ఇప్పుడు గుర్తు లేకపోయినా వస్తుందన్నావు కదా?"

"వస్తుంది."

"అయితే అలాగే ఉంచు. రోజూ అడగొచ్చు."

ఆ చలికాలమంతా మా ఇంట్లో ఒక బస్సు గూడెం నుంచి ఏలూరు వచ్చింది. రోజూ భీమడోలులో ఆగింది. అమ్మ ఎక్కాకే కదిలింది. ఏలూరు నుంచి గూడెం వెళ్ళేటప్పుడు నాన్న ఎక్కడా ఆగేవారు కాదు, గడగడా చెప్పేసేవారు. అమ్మ మళ్ళీ ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. చెరువు పోయిన సంగతి, మేనమామ కొడుకులు కూలికి వెళ్తున్న సంగతి, కాలవకి నీళ్ళు వదలని సంగతి, అన్నీ. ఆ పేరు మాత్రం ఆయన నోట చివరిదాకా రాలేదు. అమ్మ రోజూ వేలు పెట్టి చూపించేది. ఆయన రోజూ ప్రయత్నించేవారు.

ఎండలు ముదరకముందే నాన్నకి పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

ఆ ఫైలు నా దగ్గర చాలాకాలం ఉంది. ఆఫీసు మారినప్పుడు పెన్‌డ్రైవులో పెట్టుకుని వెళ్ళాను. ఎప్పుడైనా తెరిచి రెండో కాగితం తీయించి చూసేదాన్ని. ఎన్నో మాటలు మిగిలిపోయాయి. రగ్గు, కిటికీ, పండగ, కొర్రమీను. అన్నిటికన్నా పైన, గుర్తు లేని ఆ ఒక్క పేరు. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఏడుపు వచ్చేది. మూసేయాలని మాత్రం అనిపించేది కాదు.

నాన్న పోయాక అమ్మ కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంది. వానలు పడుతున్న రోజుల్లో నేను వెళ్ళి తీసుకొచ్చాను. ఆటోలో భీమడోలు వచ్చి, గూడెం నుంచి వచ్చే ఆర్డినరీ బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ చేతిలో తడిగుడ్డ కప్పిన బుట్ట. వద్దన్నా వినకుండా మేనమామలు పెట్టారు. బస్సు వచ్చింది. ఆడవాళ్ళ సీట్లలో కిటికీ పక్కన చోటు దొరికింది. కండక్టరు చిన్నవాడు, మెళ్ళో టిక్కెట్ల మిషను వేలాడుతోంది. వెనక మెట్టు మీద నిలబడి, "అందరూ ఎక్కారా?" అని కేకేశాడు.

అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది.

"రైట్ రైట్," అన్నాడు కండక్టరు. బస్సు కదిలిపోయింది. అమ్మ ఎక్కానని ఇంకా చెప్పనేలేదు.